నలభై నీలం చొక్కాలు

నా ఎడమ చెవి వినపడదు. పదకొండేళ్ల కిందట మా అన్న తుకారాం కొట్టిన ఒకే ఒక్క దెబ్బకు పోయింది. అమీర్‌పేటలో మా అన్నను అందరూ పరుగుల టైలరు అంటారు. మైత్రీవనం దగ్గర కోచింగు పిల్లలు ఆయన పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతారు. దిగనివ్వండి, నాకేం? నేను మాత్రం ఆయన గురించి ఎవరికి చెప్పినా చెవి దగ్గరే మొదలుపెడతాను.

మాది నారాయణపేట. తాతది మగ్గం, నాన్నది కత్తెర. మైత్రీవనం వెనక సందులో నాన్న పెట్టిన దుకాణంలో మా అన్న బట్ట కోస్తాడు, నేను కుడతాను. నాన్న పోయినప్పటి నుంచి అంతే. ఆయన కోయందే నాకు పని లేదు, నేను కుట్టందే ఆయన కోసింది చొక్కా కాదు.

ఆ రోజు ఒక పెళ్ళికొడుకు శేర్వానీకి కుడి చెయ్యి ఎడమకు, ఎడమ చెయ్యి కుడికి ఎక్కించాను. తప్పే. కానీ పెళ్ళికి ఇంకా రెండు రోజులున్నాయి, విప్పి మళ్ళీ కుట్టడానికి గంట చాలు. గోటితో పోయేదానికి మా అన్న గొడ్డలి తీశాడు. అరచెయ్యి చాచి చెంప మీద కాదు, చెవి మీద కొట్టాడు. మిషను మీద పడ్డాను. లేచేసరికి తలలో సన్నటి కూత ఒకటి మొదలైంది. నెల తర్వాత ఆ కూత కూడా పోయింది, ఇంకేమీ మిగల్లేదు.

డాక్టరు ఎట్లా తగిలిందని అడిగాడు. బాత్రూంలో జారి నల్లా మీద పడ్డానని చెప్పాను. మా అన్న పక్కనే నిలబడి, అవునన్నట్టు తల ఊపాడు. దెబ్బనైనా మర్చిపోయానేమో గానీ ఆ తల ఊపడం మర్చిపోలేదు.

అప్పటి నుంచి మిషను తిప్పుకుని, మంచి చెవి ఆయన వైపు పెట్టుకుని కూర్చుంటున్నాను. ఆయన పైనున్న హ్యాంగరు కోసం చెయ్యి ఎత్తినా నా భుజాలు చెవుల దాకా లేస్తాయి. నేను లేపేది కాదు, అవే లేస్తాయి. పదకొండేళ్లలో మా అన్న అది ఒక్కసారి కూడా గమనించలేదు.

చెవి సంగతి తెలిశాక మా అమ్మ మణెమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "కోపమొస్తే దుకాణంల ఉండకు కొడుకా. బయటికి పో. అది దిగినంకనే రా," అంది. వారం తిరక్కుండానే ఎవరో ప్యాంటు బిగుతైందని గొడవపడ్డాడు. మా అన్న పిడికిళ్లు బిగించి, మెడలో టేపు అట్లాగే ఉండగా, కాళ్లకు చెప్పులతోనే పంజాగుట్ట వైపు ఉరికాడు. ముప్పావుగంటకు తిరిగొచ్చాడు. ఒక చెప్పు తెగింది, చొక్కా పిండితే నీళ్ళు కారేట్టుంది. ఆ ప్యాంటు తీసుకుని నడుము దగ్గర విప్పి, ఎవరినీ ఏమీ అనకుండా గుర్తులు పెట్టి నాకిచ్చాడు.

అట్లా మొదలైంది పరుగు. ఆరోగ్యం కోసం కాదు, మెడల్ కోసం కాదు, ఇంకొకడి చెవి మిగలడం కోసం. చిన్న గిరాకీ కోపానికి మూడు కిలోమీటర్లు, పెళ్ళిళ్ల సీజన్ కోపానికి పది. తర్వాత బూట్లు కొన్నాడు, నెక్లెస్ రోడ్డు మీద పరిగెత్తే గుంపులో కలిశాడు, రెండుసార్లు ఇరవై ఒక్క కిలోమీటర్ల పందెం పూర్తి చేశాడు. పరుగు తర్వాత ఆయన కత్తెర పడితే చూడాలి, ఒక్క వంకర ఉండదు. ఆ గంటసేపు మా అన్న అంత మంచివాడు ఊళ్ళో లేడు.

చెడగొట్టింది జహూర్ భాయ్. చెడ్డ మనిషి కాదు. పంజాగుట్టలో ఏసీలు బాగుచేస్తాడు, అన్నతోపాటే పరిగెత్తుతాడు. "ఖాళీ పరుగే అయితే మోకాళ్ళు అయిపోతయ్ తుకారాం భాయ్. సైకిల్ సుత జోడించు," అని తన పాత రోడ్డు సైకిలు తెచ్చి మా దుకాణం మెట్టుకు ఆనించాడు. సన్నటి టైర్లు, వంకీ హ్యాండిలు, వేలితో ఎత్తితే లేచే బరువు. టైర్లకు గాలి కొట్టడానికి కొని సైకిలుకే కట్టి ఉంచిన ఇనప పంపు ఒకటి మాత్రం బరువుగా ఉండేది.

ఇక కోత బల్ల అంచున సుద్దతో లెక్కలు మొదలయ్యాయి. మంగళ, గురువారాలు పరుగు. బుధ, ఆదివారాలు సైకిలు. శనివారం సైకిలు దిగీ దిగగానే పరుగు. ఆ మొదటి కిలోమీటరు కాళ్ళు తనవి కావంటాడు, ఎవరో కుట్టి తొడిగినట్టుంటాయంటాడు. సైకిలు ఎక్కువైన వారం పరుగు బరువెక్కేది, పరుగు ఎక్కువైన వారం ఎర్రమంజిల్ ఎత్తు మీద సైకిలు కదిలేది కాదు. నెలకోసారి నా టేపు తీసుకుని తన తొడ కొలుచుకునేవాడు. పావు అంగుళం పెరిగిందని సంబరపడి తన ప్యాంటు తానే విప్పి వదులు చేసుకున్నాడు. డిసెంబరులో ఒక పందెం ఉంది, ముందు పరుగు, నడుమ సైకిలు, మళ్ళీ పరుగు. దానికి పేరు రాయించుకున్నాడు.

రెండిటికీ తూకం కుదిరిందని ఆయన అనుకున్నాడు. నేను అనుకోలేదు. పరుగులో ఆయనకు అడ్డొచ్చేది ఆయన మోకాలొక్కటే. సైకిలు మీద ఊరంతా అడ్డొస్తుంది. బస్సు నొక్కుతుంది, ఆటో కోస్తుంది, కారువాడు చూడకుండా తలుపు తీస్తాడు. పరుగు దించిన కోపాన్ని సైకిలు మళ్ళీ ఎక్కించేది. రెండేళ్లలో ఐదు కార్ల అద్దాలు పగలగొట్టాడు. బేగంపేటలో ఒక బైకు కుర్రాణ్ణి హెల్మెట్ పట్టుకుని కిందికి లాగి, డివైడరుకేసి రెండుసార్లు మోదాడు. హెల్మెట్ ఉంది కాబట్టి వాడు బతికాడు. విడదీయబోయిన జహూర్ భాయ్ చూపుడు వేలు విరిగి, అతికినా వంకరగానే ఉండిపోయింది.

గత దసరాకు కత్తెరలు, మిషన్లు కడిగి పూజలో పెట్టాం. మా అన్న సైకిలు కూడా తెచ్చి వాటి పక్కన నిలబెట్టాడు. అమ్మ దానికి పసుపు, కుంకుమ పెట్టింది. బూట్లు కూడా పెడతానంటే, "చెప్పులు దేవుని దగ్గరనా? బయట పెట్టు," అంది. నాకు భలే కోపం వచ్చింది. మా ఇంటిని ఇన్నాళ్ళు కాపాడిన బూట్లు గడప అవతల ఉన్నాయి, కొంప ముంచే సైకిలుకు బొట్టు పెట్టి దండ వేశాం.

పూజ అయ్యాక నేను నోరు తెరిచాను. "అన్నా, ఒక్క మాట. నా చెవి పోయిననాడు డాక్టరుకు అబద్ధం చెప్పిన. మల్ల చెప్ప. ఇంకోసారి నువ్వు ఎవరిమీద చెయ్యి లేపినా, నేను చూసింది చూసినట్టే చెప్త. పోలీసులకైనా చెప్త."

మా అన్న వంగి కత్తెర మీద చెయ్యి పెట్టాడు. "లేపను. గీ కత్తెర మీద ఒట్టు," అన్నాడు. కత్తెర మీద ఒట్టు మా ఇళ్ళల్లో చిన్న మాట కాదు. నమ్మాను.

పండగ పోయిన పది రోజులకు మా అన్న కుడి మోకాలు వాచింది. పంజాగుట్టలో అనుపమ అని ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఉంది. నొక్కి చూసి, "మూడు వారాలు పరుగు వద్దండీ. సైకిల్ తొక్కుకోండి, ఏం కాదు," అంది. అన్న బయటికి వెళ్ళాక నేను వెనక్కి వచ్చాను. "మేడమ్, జర ఉల్టా చేయరాదా? సైకిల్ బంద్ చేసి పరుగు ఉంచురి," అన్నాను. ఆమె నవ్వింది. "మోకాలికి మందు మోకాలిని బట్టే ఇస్తామండీ," అంది. ఆమె తప్పేం లేదు. ఆయన కోపానికి మందు చీటీ రాయడం ఆమె పని కాదు.

పన్నెండు రోజులు మా అన్న సైకిలు తొక్కుతూనే ఉన్నాడు, పరుగు లేదు. మూడో రోజు సుద్దముక్క విసిరాడు. ఆరో రోజు ఇస్త్రీపెట్టె. తొమ్మిదో రోజు ట్రయల్ గదిలో అద్దం పగిలింది. నేను పరుగు లేని దినాలు లెక్కపెడుతూ, దించిన తలతో కుడుతూ ఉన్నాను. పన్నెండో రోజు ఆదివారం. పొద్దున్నే అమ్మ నన్ను లేపి, "వాని ఎంట పో రమేశ్. నాకు మనసొప్పుతలేదు," అంది.

నా స్కూటర్ మీద వెనకాలే వెళ్ళాను. నెక్లెస్ రోడ్డు మీద మా అన్న, జహూర్ భాయ్ సైకిళ్ళ మీద నాలుగు చుట్లు బాగానే తిరిగారు. తిరిగొచ్చేటప్పుడు ఎర్రమంజిల్ ఎత్తు మీద ఒక తెల్ల కారు మా అన్న మోచేతిని రాసుకుంటూ పోయింది. సైకిలు ఫుట్‌పాత్ రాయికి కొట్టుకుంది. మా అన్న భుజం మీద పడి, రెండు గజాలు ఈడ్చుకుపోయాడు. మోచెయ్యి తోలు లేచి తెల్లగా కనిపించి, తర్వాత ఎర్రగా నిండింది. కారు కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, పోరా అన్నట్టు ఊగింది. లేత నీలం చొక్కా చెయ్యి. చివర ముదురు నీలం పట్టీ, దాని మీద జంట కుట్టు.

అది మేము కుట్టిందే. శ్రావణంలో బేగంపేట ట్రావెల్స్ ఆఫీసు ఒకటి వాళ్ళ డ్రైవర్లకు ఆ చొక్కాలు కుట్టించుకుంది. ఆ పట్టీ మా అన్న సొంత ఆలోచన.

నేను స్కూటర్ ఆపేలోపే ఆయన సైకిలు ఎక్కేశాడు. "తుకారాం భాయ్, ఆగు," అని జహూర్ భాయ్ కేక వేశాడు. ఎవరు ఆగుతారు? పంజాగుట్ట చౌరస్తాలో నాకు ఎర్ర లైటు పడింది, తొంభై అంకె చూపిస్తూ. మా అన్న లైటు దాటి ఫ్లైఓవర్ కింద మాయమయ్యాడు. నేను ఆగాను. నేను ఎర్ర లైటుకు ఆగే మనిషిని, నా బుద్ధి అంత. ఆ తొంభై సెకన్లకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

అమీర్‌పేట మెట్రో స్టేషను కింద టీ బండి దగ్గర మా అన్న సైకిలు పడి ఉంది. ముందు చక్రం ఇంకా తిరుగుతోంది. పక్కనే ఒక తెల్ల కారు. మెట్రో స్తంభానికి ఆనుకుని లేత నీలం చొక్కా మనిషి కూలబడి ఉన్నాడు. మా అన్న ఎడమ చెయ్యి వాడి కాలరు మెలితిప్పి పట్టుకుంది, కుడి చేతిలో పంపు ఉంది. మొదటి దెబ్బ అప్పటికే మూతి మీద పడింది. పగిలిన టీ గ్లాసుల మధ్య రెండు పళ్ళు చూశాను. నేను చూస్తుండగా రెండోది మెడ ఎముక మీద పడింది, ఎండు కట్టె విరిచినట్టు చప్పుడైంది.

"నేను కాదు భాయ్. నాకేం తెల్వదు," అంటున్నాడు ఆ మనిషి, మాటతోపాటు నెత్తురు బుడగలొస్తున్నాయి.

"గీ అంగి నేను కోసిన. నేను కోసిన అంగి నేను గుర్తువట్టనా? వీడే," అన్నాడు మా అన్న.

వెనక నుంచి నడుము పట్టుకుని లాగాను. ఆయన మోచెయ్యి వెనక్కి వచ్చి నా ముక్కు మీద తగిలింది, కళ్ళు చీకట్లు కమ్మాయి. పంపు జారింది. పంపు జారితే అరచెయ్యి ఉందిగా. చాచి కొట్టాడు, ఎడమ చెవి మీద. ఆ చప్పుడు నాకు తెలుసు.

టీ బండి అతను కెటిల్ గుండెకు పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. "ఆయన ఆరింటి నుంచి ఇక్కడే ఉన్నాడండీ. కారు కదల్లేదు," అన్నాడు, అప్పుడు. నోరు ఒక నిమిషం ముందు పెగిలి ఉంటే బాగుండేది.

"అన్నా, గీ అంగీలు నలభై కుట్టినం. నలభై మందిని కొడ్తవా?" అన్నాను.

ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగింది. అంతలో జహూర్ భాయ్ ఆయాసపడుతూ వచ్చి కారు వెనక్కి వెళ్ళి చూశాడు. "నంబర్ల ఆఖరి రెండు అంకెలు చూసిన భాయ్. ఇది ఆ బండి కాదు," అన్నాడు. మా అన్న కాలరు వదిలేశాడు. ఆ మనిషి ఎడమ చెవి మూసుకుని మా ముగ్గురి మొహాలూ చూస్తూ, "ఏంది? ఏమంటున్నరు?" అని అడుగుతున్నాడు. మేము అరుస్తూనే ఉన్నాం. వేళ్ళ సందుల్లోంచి సన్నగా నెత్తురు దిగుతోంది.

నాకు మా అన్న మీద జాలి కలగలేదు. పదకొండేళ్ల కోపం ఒక్కసారి లేచింది. పంపు నా కాళ్ళ దగ్గరే ఉంది. తీసుకున్నాను. ఎత్తాను కూడా. మా అన్న నన్ను చూశాడు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఒక్క దెబ్బ వేస్తే హాయిగా ఉంటుందని నా చేతికి తెలిసిపోయింది, అది తెలియగానే నా మీద నాకే భయం వేసింది. పంపు రోడ్డు అవతలికి విసిరి, ఆ మనిషిని ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. పేరు ఉమర్. ముప్పై ఏళ్ళు కూడా లేవు.

మధ్యాహ్నం స్టేషన్లో ఎస్సై అడిగాడు, "కొట్టంగ ఎవరు చూసిన్రు?" టీ బండి అతను నేలకేసి చూశాడు. జహూర్ భాయ్ తన వంకర వేలు చూసుకున్నాడు. మా అన్న బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, మోచెయ్యి నెత్తురు గడ్డకట్టి నల్లబడింది. అమ్మ గేటు దగ్గర నిలబడి, నా వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది. జారి పడ్డాడు, తోపులాటలో తగిలింది, ఎవరో ఏమో. అబద్ధాలన్నీ నోటి దాకా వచ్చాయి. నాకవి అలవాటే.

"నేను చూసిన సార్," అన్నాను. "మా అన్ననే కొట్టిండు. ఇంతకుముందు నన్ను సుత కొట్టిండు. నా చెవి గట్లనే పోయింది."

మా అన్న తల ఊపాడు. డాక్టరు దగ్గర ఊపినట్టే, నెమ్మదిగా. కింద సంతకం పెట్టమంటే పెట్టాను.

తొమ్మిది రోజులకు బెయిలు వచ్చింది. కేసు నడుస్తోంది. నెల రోజులు అమ్మ నాకు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. డిసెంబరు పందెం ఆయన లేకుండానే జరిగింది. పందెంలో ఆయన ఛాతీకి కట్టుకోవాల్సిన నంబరు గుడ్డ జహూర్ భాయ్ తెచ్చి దుకాణం మేకుకు తగిలించాడు, ఇంకా అక్కడే ఉంది. సైకిలు చక్రాలు మా అన్నే ఊడదీసి అటక మీద పడేశాడు. మోకాలు కుదిరాక మళ్ళీ పరిగెత్తుతున్నాడు, పొద్దున ఏడు నుంచి ఎనిమిది దాకా. ఆయన కోస్తాడు, నేను కుడతాను. పని మాటలు తప్ప మా మధ్య మాట లేదు. మోచెయ్యి గీరిన ఆ కారువాడు ఎవరో ఈరోజుకీ తెలియదు.

మొన్న మాఘంలో ఉమర్ ఫోన్ చేశాడు. "మీ అన్న ఎప్పుడు ఉండడు?" అని అడిగాడు. చెప్పాను. ఏడుంబావుకు వచ్చాడు, ముందు సందు రెండు వైపులా చూసుకుని మెట్టెక్కాడు. "పాత అంగి పోలీసోల్ల దగ్గరున్నది. కంపెనీల యూనిఫారం లేకుంటే డ్యూటీ లేదంటున్నరు. గీ పట్టీ బయట ఎవ్వరు కుడ్తలేరు అన్నా," అన్నాడు. కొత్త పళ్ళు మాట్లాడేటప్పుడు మరీ తెల్లగా కనిపించాయి.

నాకు సరిగ్గా వినపడక కుడి చెవి ఆయన వైపు తిప్పాను. నా జవాబు వినపడక ఆయన తన కుడి చెవి నా వైపు తిప్పాడు. మళ్ళీ నేను, మళ్ళీ ఆయన. ఆ ఇరుకు దుకాణంలో ఇద్దరం ఒకరి చుట్టూ ఒకరం తిరిగాం. ముందు ఆయనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, మెడలోంచి టేపు తీశాను.

కొలతలు తీస్తున్నాను. ఛాతీ అయింది, చెయ్యి అయింది. భుజం మీద టేపు పెట్టాను, పద్దెనిమిది. రాసుకోబోతుంటే చేతికింద ఆయన ఒళ్ళు బిగుసుకుంది. భుజాలు చెవుల దాకా లేచాయి, టేపు పదిహేడున్నర చూపించింది. తిరిగి చూస్తే మెట్టు మీద మా అన్న. ఆ రోజు తొందరగా వచ్చేశాడు, చెమటతో నిలబడి ఉన్నాడు. నుదురు తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తాడు, అంతే.

ఎత్తిన చెయ్యి అట్లాగే ఆపి మా అన్న ఉమర్ భుజాలు చూశాడు. తర్వాత నా భుజాలు చూశాడు. నావి కూడా లేచే ఉన్నాయి. చాలాసేపు చూశాడు, ఒకసారి ఇటు, ఒకసారి అటు. చెయ్యి మెల్లగా దించి వీపు వెనక దాచుకున్నాడు. మెట్టు దిగి, మళ్ళీ పంజాగుట్ట వైపు పరిగెత్తాడు. ఆ రోజు మధ్యాహ్నం దాకా దుకాణానికి రాలేదు.

"పోయిండు. ఇగ రాడు," అని ఉమర్ కుడి చెవిలో చెప్పాను. బిగుసుకున్న భుజాల కొలతకే కుడితే చొక్కా పట్టేస్తుంది. భుజాలు దిగేదాకా టేపు పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపు పట్టింది.